దోమ కడుపులో దొరికిన రహస్యము

వానకాలము వచ్చినంతనే రామగుండము, గోదావరిఖని ప్రాంతములందలి గుంటలు నీటితో నిండును. ఆ నీటిని గాజుపాత్రలోనికి ముంచి చూచినచో, కొన్ని దోమపిల్లలు తోకవైపుననున్న శ్వాసనాళమును నీటిపైకి చాచి తలక్రిందులుగా వ్రేలాడుచుండును. మరికొన్ని నీటిమట్టమునకు సమాంతరముగా పరుండును. ఇట్టి స్వల్పభేదముల అంతరార్థము తెలియక ఒక వైద్యుడు రెండేండ్లు వృథాశ్రమ పడెను. తెలిసిన నాడు లోకమునకు మహోపకారము చేసెను. అతడే రోనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతమునందలి అల్మోరాలో జన్మించెను. తండ్రి సైన్యాధికారి. బాలునకు కవిత్వము, సంగీతములయందు మక్కువ. అయినను తండ్రి కోరికను కాదనలేక లండనులో వైద్యము చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరెను. మలేరియా క్రిమిని 1880లోనే ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ రోగిరక్తమున కనుగొనెను. కాని అది ఒకరినుండి మరియొకరికి చేరు మార్గము ఎవరికిని తెలియదు. దానికి దోమతో సంబంధముండవచ్చునని 1894లో పాట్రిక్ మాన్సన్ రాసునకు సూచించెను. ఆ ఊహను ఋజువు చేయుటకై రాస్ 1895లో సికిందరాబాదు చేరెను.

దోమ సంధిపాదుల వంశమునకు చెందినది. రొయ్య, పీత, తేలు, సాలీడు, జెర్రి, సీతాకోకచిలుక అన్నియు ఈ వంశములోనివే. వీనికి లోపల ఎముకలుండవు; పైనున్న కవచమే అస్థిపంజరము. శరీరము ఖండములుగను, కాళ్లు కీళ్లతోను ఉండును. ఎదుగునపుడు పాత కవచమును విడిచి క్రొత్తది ధరించును. సాలీడునకు, తేలునకు కాళ్లు ఎనిమిది, కీటకములకు ఆరు. పూర్వము కీటకములను జెర్రులకు దగ్గరి బంధువులుగా తలచెడివారు. రొయ్యలు, పీతలు గల శాఖనుండియే అవి ఉద్భవించినవని నేటి జన్యుపరిశోధనలు తెలుపుచున్నవి. దోమకు రెక్కలు రెండే. వెనుకటి జత కుదించుకొని, ఎగురునపుడు తూకము నిలుపు చిన్న గదలుగా మారినది. ఒకే మూలరూపము ఇన్ని తీరులుగా మారిన ఈ వంశమున, ఒక జాతికి సాధ్యమైనది పొరుగుజాతికి సాధ్యము కాకపోవచ్చును. రాసునకు చిక్కుముడియైనది ఇదియే.

అతడు మొదట కోసి చూచినవి బూడిదవన్నె దోమలు, చారల దోమలు. మనుష్యుల మలేరియాను అవి మోయజాలవు. నడుమ కలరా నివారణకై బెంగుళూరు వెళ్లవలసివచ్చెను. తిరిగి వచ్చి మరల పనికి పూనుకొనెను. చెమటకు సూక్ష్మదర్శని మరలు త్రుప్పుపట్టెను. దోమలు ఎగిరిపోవునని ఎండలో పంకాయైన వీయించుకొనలేదు. 1897 ఆగస్టు నడుమ, తోకను పైకెత్తి గోడపై వ్రాలు, మచ్చలరెక్కల దోమ అతని కంటబడెను. అదియే అనాఫిలిస్. హుసేన్ ఖాన్ అను రోగి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ప్రతిఫలము గైకొని, ఆగస్టు 16న తన దేహమును ఆ దోమలకు అప్పగించెను. నాలుగు దినములకు, ఆగస్టు 20న, రాస్ బేగంపేటలో ఒక దోమ కడుపుగోడను పరీక్షించుచుండగా గుండ్రని కణములు, వానిలో మలేరియా క్రిమికి ప్రత్యేకమైన నల్లని రేణువులు కనబడెను.

అంతలో బదిలీ ఆజ్ఞ వచ్చెను. 1898లో కలకత్తాయందు, మహమ్మద్ బక్ష్ సహాయముతో పక్షుల మలేరియాను శోధించి, క్రిమి దోమ లాలాజలగ్రంథులకు చేరి కాటుతో వ్యాపించునని ఋజువు చేసెను. మనుష్యుల విషయమున పూర్తి నిరూపణ ఆ ఏడే ఇటలీలో గ్రాసీ మున్నగువారు చేసిరి. 1902లో నోబెల్ బహుమానము రాసునకే దక్కెను. గ్రాసీతో వివాదము మాత్రము సమసిపోలేదు. 1932 సెప్టెంబరు 16న అతడు లండనులో మరణించెను.

బేగంపేటలోని ఆ భవనము నేటికిని కలదు. ఒక అణాకు తన రక్తమునిచ్చిన హుసేన్ ఖాన్ పేరును కూడ మన పిల్లలకు చెప్పుట న్యాయము. దోమ బొమ్మను పుస్తకమునుండి నకలు వ్రాయించుట సులభము. గుంటనీటిలోని రెండు పురుగుల భేదమును కంటితో చూపించుట ఉపాధ్యాయుని పని. రాసునకు రెండేండ్లు పట్టిన పాఠము మన విద్యార్థికి ఒక్క ఉదయమున అందగలదు.