వెట్టి రైతు కొడుకు మెండెల్

నంద్యాల, ఆళ్లగడ్డ చేలల్లో బెరుకులు ఏరే కూలీలకు, పత్తి విత్తన మళ్లలో క్రాసింగ్ చేసే ఆడకూలీలకు గ్రెగోర్ మెండెల్ పేరు తెలియకపోవచ్చు. ఆయన చేసిన పని మాత్రం వీళ్ల చేతులకు బాగా తెలుసు.

మెండెల్ 1822లో ఆస్ట్రియా సామ్రాజ్యంలోని ఒక పల్లెలో పుట్టాడు. ఆ ఊరు నేడు చెక్ దేశంలో ఉంది. తండ్రి ఆంటన్ చిన్న రైతు. వారానికి మూడు రోజులు దొరకు వెట్టి చెయ్యాల. 1838లో వెట్టిలోనే మాను మీదపడి ఛాతీ దెబ్బతిన్నది. కొడుకు చదువు ఆగిపోయే స్థితి వచ్చింది. చెల్లెలు తెరేసియా తన కట్నంలో భాగమిచ్చి చదివించింది. పేదరికం వల్లనే 1843లో బ్రున్ పట్టణంలోని మఠంలో చేరాడు. టీచరు పరీక్షలో రెండుసార్లూ నెగ్గలేదు.

మఠం తోటలో బఠాణీ వేశాడు. 34 రకాలు తెప్పించి, రెండేళ్లు నిలకడ చూసి, 22 ఎంచుకున్నాడు. బఠాణీలో, పప్పుశనగలో పూవు విచ్చకముందే లోపలి పుప్పొడితోనే కాయ పడుతుంది. అయినా ఎప్పుడో ఒకటి పక్క మొక్కతో కలుస్తుంది. మెండెల్ దీన్ని దాచలేదు. పదివేలకు పైగా మొక్కలు పరీక్షిస్తే అట్లా కలిసినవి బహుకొద్ది అని రాశాడు. బఠాణీ పురుగు పూలను చెడగొట్టడం గమనించి, కొన్ని మొక్కలను కుండీల్లో పెట్టి గాజు ఇంట్లో పెంచి సరిచూశాడు. తాను కలపదలచిన పూలకు మొగ్గలోనే కేసరాలు తీసి, వేరే రకం పుప్పొడి రాశాడు. మన క్రాసింగ్ పని ఇదే.

నున్నటి గింజ రకాన్ని, ముడతల గింజ రకాన్ని కలిపితే మొదటి తరమంతా నున్నగా వచ్చింది. రెండో తరంలో 5474 నున్నవి, 1850 ముడతలవి. అంటే దాదాపు మూడుకు ఒకటి. దాగిన గుణం చావదు, తర్వాతి తరంలో బయటపడుతుంది. 1865లో ఈ సంగతి సభలో చెప్పాడు, 1866లో అచ్చయింది. పట్టించుకున్నవాళ్లు లేరు. 1884లో చనిపోయాడు. 1900లో గాని లోకం ఆయన్ను గుర్తించలేదు.

దీనివల్ల మనకేమిటి? పప్పుశనగ సొంత విత్తనం ఏళ్ల తరబడి గుణం చెడకుండా నిలుస్తుంది. నంద్యాల పరిశోధనా స్థానం ఇచ్చిన రకాలు గూడా ఇంతే. మొలక చూసుకొని దాచుకోవచ్చు. కంది అట్లా కాదు, తేనెటీగలు ఒక చేని పుప్పొడిని మరో చేనికి మోస్తాయి. అందుకే ధ్రువీకరించే విత్తనానికి పప్పుశనగలో 5 మీటర్ల ఎడం చాలు, కందికి 100 మీటర్లు కావాల. కలిసిన గుణం మొదటి ఏడు కనిపించకపోవచ్చు గనుక బెరుకులు ఏటా ఏరాల్సిందే.

బ్రాండు పేరు లేకుండా సొంత విత్తనం దాచుకొనే, మార్చుకొనే, అమ్ముకొనే హక్కు 2001 చట్టం రైతుకిచ్చింది. పప్పుశనగకు ఏటా కొత్త విత్తనం కొనాల్సిందేనని ఎవరన్నా అంటే నమ్మొద్దు. ఆ విత్తనాన్ని శుద్ధిగా నిలిపేది బెరుకు గుర్తుపట్టే కూలీ కన్ను. ఆ నైపుణ్యానికి తగ్గ కూలి అడగడం న్యాయం.