తలవంచని న్యాయమూర్తి

ఫిన్లాండు ఐరోపా ఖండానికి ఉత్తరాన ఉన్న మంచుదేశం. 1809 నుండి 1917 వరకు అది రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. అయినా ఆ దేశానికి సొంత చట్టాలు ఉండేవి. చక్రవర్తి అధికారులు వాటిని కాలరాయబోగా ఎదురు నిలిచినవారిలో పేర్ ఎవిండ్ స్విన్‌హువుద్ ఒకడు.

ఆయన 1861 డిసెంబరు 15న జన్మించాడు. న్యాయశాస్త్రం చదివి, టుర్కు నగరంలోని అప్పీలు న్యాయస్థానంలో పనిచేశాడు. 1902లో హెల్సింకి వీధులలో గుమిగూడిన ప్రజలపై కొసాక్కు సైనికులు దాడిచేశారు. ఆ దౌర్జన్యానికి గవర్నరునే విచారించాలని న్యాయస్థానం పూనుకొంది. ఫలితంగా స్విన్‌హువుద్, ఆయన సహచరులు కొందరు ఉద్యోగాలు కోల్పోయారు.

1907లో స్త్రీపురుషులందరూ ఓటువేసి కొత్త పార్లమెంటును ఎన్నుకొన్నారు. దానికి స్విన్‌హువుద్ తొలి సభాపతి అయ్యాడు. 1909లో సభాపతిగా ఆయన నిర్భయంగా చేసిన ప్రసంగానికి చక్రవర్తి ఆగ్రహించి సభనే రద్దు చేశాడు.

ఆయన మళ్ళీ న్యాయమూర్తిగా కూడా పనిచేశాడు. చట్టవిరుద్ధంగా నియమితుడైన రష్యా అధికారి ఆజ్ఞను పాటించనందుకు 1914లో ఆయనను సైబీరియాకు పంపారు. 1917లో రష్యాలో విప్లవం రాగా స్వదేశం చేరాడు. ప్రభుత్వానికి అధిపతి అయ్యాడు. ఆయన ప్రభుత్వం ప్రతిపాదించిన స్వాతంత్ర్య ప్రకటనను 1917 డిసెంబరు 6న పార్లమెంటు ఆమోదించింది. పదవి పోయినా, ప్రవాసం ప్రాప్తించినా చట్టాన్ని విడువని న్యాయమూర్తి చేతనే దేశం స్వాతంత్ర్యాన్ని చాటుకొంది.