రెల్లు లెక్క తేల్చిన జానకి అమ్మాళ్

వానలు వెనకబట్టాక ఏటి ఒడ్డున తెల్లగా పూసే రెల్లును మీరు చూసే ఉంటారు. మసాలాలో వేసే రాతిపువ్వూ మీకు తెలిసినదే. పేరులో పువ్వు ఉన్నా రాతిపువ్వు పువ్వు కాదు, అసలు మొక్కే కాదు. అది లైకెన్. ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి కాపురం చేయగా ఏర్పడింది. శైవలం ఎండ సాయంతో ఆహారం తయారుచేస్తుంది. శిలీంధ్రం దానికి ఆశ్రయం ఇస్తుంది. ఎంతకాలం కలిసి ఉన్నా దేని కణాలు దానివే.

రెల్లు సంగతి వేరు. అది వేరు, కాండం, పువ్వు గల గడ్డి మొక్క. చెరకు కూడా గడ్డి జాతిదే. రెల్లు పుప్పొడితో చెరకును సంకరం చేస్తే, పుట్టిన మొక్క ప్రతి కణంలోనూ రెండింటి క్రోమోజోములూ ఉంటాయి. ఈ రెండో రకం కలయికను పరిశోధించిన శాస్త్రవేత్త జానకి అమ్మాళ్.

ఆమె 1897లో కేరళలోని తలచ్చేరిలో జన్మించారు. మద్రాసులో వృక్షశాస్త్రం చదివారు. పెళ్లి మాట పక్కన పెట్టి, ఉపకారవేతనంపై అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి 1931లో డాక్టరేట్ పొందారు. ఆ రోజుల్లో మన దేశంలో బడికి వెళ్లే ఆడపిల్లలే తక్కువని గుర్తుంచుకోండి.

1934లో కోయంబత్తూరులోని చెరకు పరిశోధన కేంద్రంలో చేరారు. లావుపాటి తీపి చెరకు తెగుళ్లకు తట్టుకోలేదు. రెల్లులో తీపి లేదు గాని మొండితనం ఉంది. అందుకే అక్కడి శాస్త్రవేత్తలు 1918 నాటికే రెండింటినీ కలిపి కొత్త చెరకు రకాన్ని విడుదల చేశారు. ఆ కలయికలో కణం లోపల ఏం జరుగుతోంది? జానకి సూక్ష్మదర్శిని కింద క్రోమోజోములు లెక్కపెడుతూ దాన్ని పరిశీలించారు. ఇది ఓపిక పరీక్షించే పని. తీపి చెరకులో అవి 80. రెల్లులో మాత్రం ప్రాంతాన్ని బట్టి 40 నుంచి 128 వరకు ఉంటాయి. చెరకును మొక్కజొన్నతో కూడా ఆమె సంకరం చేశారు. స్త్రీ కావడం వల్ల, కులం వల్ల చిన్నచూపు ఎదురైనా పని ఆపలేదు.

తరువాత ఇంగ్లండులో పనిచేశారు. సాగు మొక్కల క్రోమోజోముల సంఖ్యలతో డార్లింగ్‌టన్‌తో కలిసి రాసిన గ్రంథం 1945లో వెలువడింది. స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ పిలుపుపై తిరిగివచ్చి, భారత వృక్ష సర్వేక్షణ సంస్థ పునర్నిర్మాణానికి కృషి చేశారు. 1977లో పద్మశ్రీ అందుకున్నారు.

ఎనభయ్యో పడిలో ఆమె కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవి కోసం నిలబడ్డారు. అక్కడ విద్యుత్తు కోసం ఆనకట్ట తలపెట్టారు. అడవి మునిగితే పోయేదేమిటో ఒకసారి ఆలోచించండి. రెల్లు చెరకుకు పనికొచ్చినట్టే, అక్కడి ఏ మొక్క రేపు ఏ పంటకు అక్కరకొస్తుందో ముందుగా చెప్పలేం. గడ్డినైతే తెచ్చి మడిలో పెంచుకోవచ్చు. బెరడు మీద ఏళ్ల తరబడి మెల్లగా పెరిగే లైకెన్‌ను అలా పెంచలేం. ప్రభుత్వం 1983లో ఆ ప్రాజెక్టును విరమించుకుంది. 1984 ఫిబ్రవరిలో జానకి మరణించారు. అదే ఏడాది నవంబరులో సైలెంట్ వ్యాలీని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.