ఉంఛవృత్తి – శ్రీ త్యాగరాజస్వామి

కాకర్లవంశజులగు శ్రీ త్యాగరాజస్వామివారు 1767లో తిరువారూరున జన్మించి, కావేరీతీరమందలి తిరువయ్యారున నివసించి, 1847లో పుష్య బహుళ పంచమినాడు సిద్ధి పొందిరి. వారి పూర్వులు తెలుగునాటినుండి చోళదేశమునకు వలసపోయినవారు.

స్వామివారి జీవనాధారము ఉంఛవృత్తి. శాస్త్రమున ఉంఛమనగా కోతలైన చేలలో రాలిన గింజల నేరుకొనుట. భాగవతసంప్రదాయమున అది హరినామము పాడుచు వీధులవెంట నడచి, గృహస్థులు భక్తితో సమర్పించు బియ్యమును గ్రహించుటయైనది. దీనిని బిచ్చమని తలచుట పొరపాటు. ఆనాటికి చాలినంతయే తెచ్చుకొనవలెను, రేపటికి దాచరాదు. కుటుంబమునకు, శిష్యులకు, అతిథులకు ఆ బియ్యమే ఆధారము.

తంజావూరు శరభోజి మహారాజు పంపిన కానుకలను స్వామివారు నిరాకరించిరని ప్రతీతి. అందుకు కినిసి అన్నగారు జపేశుడు శ్రీరామవిగ్రహములను కావేరిలో పడవైచెనట. ఆ చేష్ట క్షమింపరానిదే. అయినను ఆయన కోపమునకు కారణము లేకపోలేదు. పేదరికమును వరించినది తమ్ముడొక్కడు. దానిని అనుభవింపవలసినది ఇంటిల్లిపాది. చాలదినములు వెదకినపిమ్మట విగ్రహములు ఇసుకలో లభించినవి.

తిరుపతి యాత్రలో, చెన్నపట్టణ సమీపమందలి కోవూరున సుందర మొదలియారు ఇంట స్వామివారు బస చేసిరి. శ్రీరామనవమి ఉత్సవమునకై ఆయన వేయి బంగారు నాణెములను స్వామివారి పల్లకిలో, శిష్యులకుమాత్రము తెలిపి, రహస్యముగా ఉంచెను. దారిలో దొంగలు వెంబడించిరి. శిష్యులు భయపడి నిజము చెప్పిరి. స్వామివారు కలతపడలేదు, ఆ సొమ్ము రామునిది, కాపాడుకొనుట ఆయన పని యని ఊరకుండిరి. విల్లంబులు దాల్చిన యిద్దరు యువకులు దొంగలను అడ్డగించిరని చరిత్రకారులు చెప్పుదురు. ధనము ఉత్సవమునకు చెందినది. స్వామివారు ఉంఛవృత్తిని మానలేదు.