దామెర్ల రామారావుగారు

నీడను చిత్రించుట పాశ్చాత్యులు చిరకాలము సాధించిన విద్య. మసాచ్చో 1420ల నాటి భిత్తిచిత్రమున పీటరు నీడ సోకిన రోగులు స్వస్థులగుటను చూపెను. కారవాజియో గాఢాంధకారమునుండి మూర్తులను వెలికి తీసెను. ఈ విద్య బొంబాయి జె.జె. చిత్రకళాశాల మూలమున మన దేశమున వ్యాపించినది. కలకత్తాలో అవనీంద్రనాథుల వర్గమువారు దానిని పరాయిదని వర్జించిరి. ఈ వివాదము నడుమ ఆంధ్రుల మార్గమేమి? దామెర్ల రామారావుగారి జీవితమే దీనికి సమాధానమని మేము తలంచుచున్నాము.

వారు 1897లో జన్మించిరి. రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలాధ్యక్షులైన ఆస్వాల్డు కూల్డ్రే దొరగారు ఆ బాలుని ప్రతిభను గుర్తించి ప్రోత్సహింపగా, 1916లో బొంబాయి చేరి, వెలుగునీడలచే దేహమునకు పుష్టి కల్పించు పద్ధతిని క్షుణ్ణముగా అభ్యసించిరి. అయినను దానికి దాసులు కాలేదు. వారి చిత్రములందు రేఖయే ప్రధానము. నీడ దానికి పరిచారిక. 1922లో కలకత్తా ప్రదర్శనమున వారి ఋష్యశృంగబంధనమునకు బహుమానము లభించుటచే, నీడను వర్జించిన నగరమే వారిని గౌరవించినట్లయ్యెను.

1923లో రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను స్థాపించి, తాము నేర్చినది యువకులకు నేర్పసాగిరి. 1925లో, 28 ఏండ్లు నిండకయే, మశూచికము వారిని హరించెను. భార్య సత్యవాణిగారును, మిత్రులు వరదా వెంకటరత్నముగారును ఆ కృషిని నిలిపిరి.

పరవిద్యను నేర్చుట దోషము కాదు. నేర్చి తన్ను మరచుటయే దోషము. గోదావరీతీరమున వారి పేర వెలసిన చిత్రశాలను ఆంధ్రులెల్లరు ఒకమారైన దర్శింతురుగాక!