ఖాసీ కొండలకు అక్షరాలు తెచ్చిన వడ్రంగి

వేల్స్ దేశంలో జోన్స్ అనే ఇంటిపేరు లేని ఊరు వెదికినా దొరకదు. యోహాను కొడుకు అని దాని అర్థం. మనకు ఇంటిపేరు తరతరాలుగా వస్తున్న ఆస్తి లాంటిది. వెల్ష్ వాళ్లకు పూర్వం అలాంటిది లేదు, తండ్రి పేరే కొడుకుకు గుర్తు. ఇంగ్లిషు చట్టాలు వచ్చాక అందరూ ఏదో ఒక ఇంటిపేరు స్థిరం చేసుకోవలసి వచ్చింది. యోహానులు ఎక్కువమంది కాబట్టి జోన్స్‌లూ ఎక్కువైపోయారు. ఒకే ఊళ్లో పదిమంది జోన్స్‌లు ఉంటే రొట్టెల జోన్స్, పాల జోన్స్ అని వృత్తిని బట్టి పిలుచుకునేవారు. వింతేమిటంటే, ఈ ఇంటిపేరు మొదట్లో ఉన్న ‘జె’ అనే అక్షరం పాత వెల్ష్ అక్షరమాలలోనే లేదు.

ఈ ఇంటిపేరున్నవారిలో ఇద్దరిని మన సండేస్కూలు పిల్లలు కూడా ఎరుగుదురు, కనీసం ఒకరినైనా. బైబిలు కొనుక్కోవాలని ఆరేళ్లు పైసా పైసా కూడబెట్టి, 1800లో సుమారు 25 మైళ్లు నడిచి బాలా అనే ఊరికి వెళ్లిన 15 ఏళ్ల మేరీ జోన్స్ ఒకరు. ఆమెకు ముందు తరంలో ఊరూరా తిరుగుతూ పాఠశాలలు నడిపించి, లక్షన్నర మందికి పైగా చదువు నేర్పించిన గ్రిఫిత్ జోన్స్ అనే పాదిరి మరొకరు. కూలివాళ్లకు, ఆడవాళ్లకు, ముసలివాళ్లకు వాళ్ల మాతృభాషలోనే బైబిలు చదవడం నేర్పాలన్నది ఆయన పట్టుదల. ఆ విత్తనం మొలకెత్తిన నేలలోనే పుట్టి, అదే పనిని మన దేశపు కొండలకు మోసుకొచ్చిన మూడో జోన్స్ గురించి మాత్రం మనకు పెద్దగా తెలియదు. ఆయన పేరు థామస్ జోన్స్.

ఆయన 1810 జనవరిలో మాంట్‌గోమరీషైర్ ప్రాంతంలో ఒక వడ్రంగి ఇంట్లో పుట్టారు. తండ్రి దగ్గరే ఆ పని నేర్చుకున్నారు. పిండిమర కూడా నడిపారు. తరువాత సువార్త పరిచర్య మీద మనసు పడి, బాలాలో లూయిస్ ఎడ్వర్డ్స్ నడిపే వేదపాఠశాలలో చేరారు. అవును, మేరీ జోన్స్ నడిచి వెళ్లిన ఆ బాలాయే. భారతదేశానికి వెళ్లాలని ఆయన కోరిక. లండన్ మిషనరీ సొసైటీ వారు ఆయన ఆరోగ్యం చూసి, దక్షిణాఫ్రికా అయితే పంపుతామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఇండియా అంటే ఇండియానే అని పట్టుబట్టారు. అంతవరకు వెల్ష్ కాల్వినిస్టిక్ మెథడిస్టు సంఘాలు లండన్ వారికి చందాలు పంపడమేగానీ సొంతంగా మిషనరీలను పంపింది లేదు. థామస్ జోన్స్ పట్టుదల కూడా ఒక కారణమై, 1840లో లివర్‌పూల్ కేంద్రంగా ఆ సంఘాలు సొంత విదేశీ మిషన్‌ను ప్రారంభించాయి. దానికి మొదటి మిషనరీ ఆయనే.

1840 నవంబరులో భార్య ఆన్‌తో కలిసి లివర్‌పూల్‌లో ఓడ ఎక్కారు. ఐదు నెలల ప్రయాణం తరువాత ఏప్రిల్‌లో కలకత్తా చేరారు. అక్కడినుంచి పడవల మీద సిల్హెట్ మైదానం దాకా వెళ్లి, ఆ పైన కొండ ఎక్కి, 1841 జూన్ 22న చిరపుంజి చేరుకున్నారు. ఆ ఊరి వాన సంగతి మనం భూగోళ పాఠాల్లో చదువుకున్నదే. 1860 ఆగస్టు నుంచి 1861 జులై దాకా పన్నెండు నెలల్లో అక్కడ 26 వేల మిల్లీమీటర్లకు పైగా వర్షం పడింది. ఆ లెక్క ఇప్పటికీ ప్రపంచ రికార్డే. అలాంటి చోటికి ఈ దంపతులు సరిగ్గా వానలు ముమ్మరమయ్యే నెలలోనే వచ్చారు.

ఆ కొండలకు అంతకుముందే గాయం ఉంది. తిరోత్ సింగ్ అనే ఖాసీ నాయకుడు 1829లో ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడ్డాడు. నాలుగేళ్లు పోరాడి 1833లో పట్టుబడి, ఢాకాలో ఖైదీగా ఉండగా 1835లో చనిపోయాడు. ఆ తరువాత చిరపుంజిలో కంపెనీ సైన్యం, కంపెనీ అధికారి పాతుకుపోయారు. అటువంటి చోట తెల్లవాడు బైబిలు చేతపట్టుకుని వస్తే నమ్మేదెవరు?

ఖాసీలలో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. ఇల్లు, ఆస్తి చివరి కూతురికి వస్తాయి. వాళ్ల భాష ఇరుగుపొరుగు బెంగాలీకి గానీ అస్సామీకి గానీ దగ్గరిది కాదు. దానికి సొంత లిపి లేదు. ఎందుకు లేదో చెప్పే కథ ఒకటి మాత్రం వాళ్ల పెద్దలు చెప్పుకునేవారు. పూర్వం ఒక ఖాసీ, మైదానపు మనిషి కలిసి దేవుని దగ్గర అక్షరాలు తెచ్చుకుంటుంటే దారిలో పెద్ద వరద వచ్చిందట. మైదానం వాడు తన పుస్తకాన్ని జుట్టుకు కట్టుకుని ఈదాడు. ఖాసీ తన పుస్తకాన్ని నోట కరుచుకుని ఈదుతూ నీళ్లతోపాటు మింగేశాడు. అందుకే మైదానంవాళ్లకు రాత ఉంది, తమకు నోటిమాటే మిగిలింది అని వాళ్లు సరిపెట్టుకునేవారు.

ఇక్కడ మన తెలుగునేల గుర్తుకొస్తుంది. ఇదే లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నం వచ్చినప్పుడు వాళ్ల ముందు శతాబ్దాల సాహిత్యమున్న తెలుగు లిపి సిద్ధంగా ఉంది. వాళ్లు దాన్ని నేర్చుకుంటే చాలు. థామస్ జోన్స్‌కు ఆ సదుపాయం లేదు.

పూర్తిగా లేదనీ అనలేం. శ్రీరాంపురం మిషనరీలు ఖాసీ భాషలోకి కొత్త నిబంధనను తెచ్చి, బెంగాలీ లిపిలో అచ్చు వేయించారు. అలెగ్జాండర్ లిష్ అనే మిషనరీ చిరపుంజిలో కొన్నాళ్లు బడి కూడా నడిపాడు. కానీ కొండల్లో బెంగాలీ లిపి చదవగలిగినవాళ్లు బహు కొద్దిమంది. 1838 నాటికి ఆ పని ఆగిపోయింది. లిష్ దగ్గర కాస్త ఇంగ్లిషు నేర్చుకున్న ఖాసీ యువకులే థామస్ జోన్స్‌కు గురువులయ్యారు. ఆయన వాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల నోట విన్న ప్రతి శబ్దాన్నీ పట్టుకుని, దాన్ని రోమన్ అక్షరాల్లో రాసుకోవడం మొదలుపెట్టారు. ఇంగ్లిషు పద్ధతిలో కాదు, తన తల్లిభాష వెల్ష్ పద్ధతిలో. ఇంగ్లిషులో రాసేది ఒకటి, పలికేది ఇంకొకటి అని మనందరికీ అనుభవమే. వెల్ష్‌లో ఎలా రాస్తే చాలావరకు అలాగే పలుకుతారు. ఖాసీలకు అది కలిసొచ్చింది.

ఆ గుర్తు ఈనాటికీ చెరగలేదు. ఖాసీ అక్షరమాలలో ‘ఏ, బి’ తరువాత ‘సి’ ఉండదు, ‘కె’ వస్తుంది. థామస్ జోన్స్ మొదట ‘క’ శబ్దానికి వెల్ష్ వాళ్లలాగే ‘సి’ రాశారు. తరువాతివాళ్లు ఆ అక్షరం తీసేసి ‘కె’ పెట్టారు గానీ, చోటు మాత్రం మార్చలేదు. ‘జి’ తరువాత ‘ఎన్, జి’ రెండూ కలిపి ఒకే అక్షరంగా లెక్కించడం కూడా వెల్ష్ వరుసే. ఖాసీ పిల్లవాడు ఒకటో తరగతిలో అక్షరాలు వల్లించినప్పుడల్లా ఎక్కడో ఏడు సముద్రాల అవతలి వడ్రంగి కొడుకు నేర్చుకున్న వరుస వినిపిస్తుంది.

ఏడాది తిరిగేసరికి మొదటి వాచకం, వేల్స్‌లో తల్లులు పిల్లలకు నేర్పే ఒక చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం ఖాసీలో తయారయ్యాయి. కలకత్తాలో అచ్చయ్యాయి. 1842లో చిరపుంజి, మాస్మాయ్, మామ్లూ అనే మూడుచోట్ల బడులు మొదలయ్యాయి. తరువాత మత్తయి సువార్త అనువాదం కూడా పూర్తి చేశారు. బడి అయ్యాక ఆయన రంపం పట్టుకునేవారు. దూలాన్ని చెక్కలుగా కోయడం, ఇల్లు కట్టడం, బొగ్గుతో సున్నం కాల్చడం లాంటి పనులు దగ్గరుండి నేర్పించారు. పాదిరిగారి చేతులకు కాయలు ఉండటం ఆ కొండవాళ్లకు నచ్చి ఉంటుందని నా ఊహ. అయినా బాప్తిస్మాల లెక్క చూస్తే మాత్రం ఐదేళ్లు ఏమీ లేదు. మొదటి విశ్వాసులు బాప్తిస్మం పొంది, నాంగ్సాలియాలో సంఘం ఏర్పడింది 1846లో. స్వదేశంలో చందాలిచ్చే సంఘాలు ఆ ఐదేళ్లూ ఎలా ఎదురుచూశాయో ఊహించుకోవచ్చు.

ఇక్కడినుంచి కథ కష్టాల్లోకి తిరుగుతుంది. మనం సంఘాల్లో చెప్పుకునే మిషనరీ కథల్లో ఇలాంటి భాగాన్ని దాటేయడం అలవాటు. దాటేస్తే థామస్ జోన్స్ మనకు సగమే తెలుస్తారు.

1845లో ఆన్ ప్రసవం తరువాత చనిపోయారు. అంత దూరం తనతో వచ్చిన మనిషి వానల్లో, పరాయి కొండ మీద మట్టిలో కలిసిపోయారు. ఆ తరువాత ఆయన ఎమ్మా క్యాటెల్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నారు. ఆమెకు అప్పటికి 15 ఏళ్లు. ఆ కాలంలో అది చట్టానికి విరుద్ధం కాకపోయినా, ఆయనకు 36 ఏళ్లు, పైగా మిషనరీ. గుసగుసలు పుట్టాయి. నాకు కూడా ఆ పెళ్లిని సమర్థించాలని లేదు. దానికి తోడు మామగారితో కలిసి పామ్‌రెంగ్ అనే చోట వ్యవసాయం, వ్యాపారం మొదలుపెట్టారు. మిషన్ డైరెక్టర్లకు ఇది బొత్తిగా నచ్చలేదు. ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి నెలలు పట్టే రోజులవి. ఒకరి మాట ఒకరికి అందేలోపే నిర్ణయాలు జరిగిపోయేవి. 1847లో ఆయన పేరును మిషనరీల జాబితా నుంచి కొట్టేశారు. తాను కారణమై పుట్టిన మిషన్ నుంచే ఆయన వెలి అయ్యారు.

అలా వెలి అయిన మనిషే ఆ కొండల్లో ఎవరూ చేయని పని ఒకటి చేశారు. ఆ రోజుల్లో ఖాసీ కొండల నారింజ, సున్నపురాయి వ్యాపారమంతా హ్యారీ ఇంగ్లిస్ అనే దొర గుప్పిట్లో ఉండేది. అతని తండ్రి ఛాతక్‌లో స్థాపించిన కంపెనీ అది. అంతటితో ఆగలేదు. చిరపుంజిలో కంపెనీ ప్రభుత్వ ప్రతినిధిగా ఉన్న కల్నల్ లిస్టర్‌కు ఇంగ్లిస్ అల్లుడు, ఆయన కింద సహాయ అధికారి కూడా. సరుకు కొనేవాడూ అతనే, తగవు తీర్చేవాడూ అతనే. ఇక కొండవాళ్ల మొర ఎవరు వింటారు? ఇంగ్లిస్ దౌర్జన్యాల గురించి థామస్ జోన్స్ నోరు విప్పారు. పై అధికారులకు ఫిర్యాదులు రాశారు.

అప్పటికి ఆయన వెనుక మిషన్ లేదు, సంఘం లేదు. జీతం లేదు. ఇంగ్లిస్ వెంటాడాడు. థామస్ జోన్స్ ఇల్లూ పొలమూ వదిలి అడవుల గుండా పారిపోవలసి వచ్చింది. ఆ దారిలోనే మలేరియా పట్టుకుంది. ఎలాగో కలకత్తా చేరారు గానీ కోలుకోలేదు. 1849 సెప్టెంబరు 16న చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 39. కలకత్తాలోని స్కాటిష్ శ్మశానంలో పాతిపెట్టారు.

ఆయన చనిపోయిన నాలుగేళ్లకు, 1853లో, మిల్స్ అనే అధికారి చిరపుంజి వచ్చి అక్కడి పరిపాలనను తనిఖీ చేసి ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. ఇంగ్లిస్ మీద వచ్చిన ఫిర్యాదులు అందులో చోటు చేసుకున్నాయి. వాటిని మొదట కాగితం మీద పెట్టిన మనిషి అది చూడటానికి లేరు.

మిషన్ పని ఆగలేదు. ఆయన తరువాత వచ్చిన వెల్ష్ మిషనరీలు ఆయన అక్షరాలనే వాడారు. 1891లో పూర్తి ఖాసీ బైబిలు ఆ లిపిలోనే వెలువడింది. వేల్స్‌లో 1904లో రగిలిన ఉజ్జీవం మరుసటి ఏడాదే ఈ కొండలను తాకింది. 1969లో చివరి వెల్ష్ మిషనరీలు వెళ్లిపోయేనాటికి అక్కడి సంఘం సొంత కాళ్లమీద నిలబడి ఉంది. ఇంతలోనూ మొదటి మిషనరీ పేరు పలకాలంటే వేల్స్‌లో చాలాకాలం కాస్త ఇబ్బందిగానే ఉండేది. ఆయన వంశానికే చెందిన ఆస్ట్రేలియా చరిత్రకారుడు ఆండ్రూ మే పాత ఉత్తరాలు, కంపెనీ కాగితాలు తిరగేసి 2012లో ప్రచురించిన పుస్తకంలో ఈ కథను దాపరికం లేకుండా రాశారు.

ఖాసీలకు మాత్రం ఆయన్ని తలచుకోవడానికి ఎప్పుడూ ఇబ్బంది లేదు. కలకత్తా సమాధి రాయి మీద ఆయనను తమ అక్షరాలకు, సాహిత్యానికి తండ్రిగా చెక్కించారు. అక్కడ క్రైస్తవులు కాని ఖాసీలు కూడా తమ పాటలు, కథలు, వార్తాపత్రికలు రాసుకునేది ఆయన ఇచ్చిన అక్షరాల్లోనే. 2018లో మేఘాలయ ప్రభుత్వం ఏటా ఒక రోజును థామస్ జోన్స్ దినంగా జరపాలని నిర్ణయించింది. అందుకు ఎంచుకున్నది ఆయన పుట్టినరోజు కాదు, చనిపోయిన రోజూ కాదు. జూన్ 22, చిరపుంజి కొండ ఎక్కి వచ్చిన రోజు.