ఏటి కెదురీదిన నాదము: యోహాన్ సెబాస్టియన్ బాఖ్

1756వ సంవత్సరమున జర్మనీ దేశమందు ఒక అమ్మకపు ప్రకటన వెలువడెను. ఒక సంగీత గ్రంథమును ముద్రించుటకై చెక్కించిన రాగిరేకులను కోరినవారికి అమ్మెదమని దాని సారాంశము. గ్రంథము వెలువడి అప్పటికి 5 ఏండ్లు గడచెను. అమ్ముడుపోయినవి సుమారు 30 ప్రతులు మాత్రమే. ఆ రేకులను అమ్మజూపినవాడు గ్రంథకర్తకు స్వయముగా కుమారుడు. గ్రంథము పేరు ‘ఫ్యూగ్ కళ’. దానిని రచించినవాడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. నేడు పాశ్చాత్య సంగీతమునకు మూలస్తంభముగా లోకము కొనియాడుచున్న ఆ మహనీయుని కడపటి కృతి ఆనాటివారి కంటికి కాలము చెల్లిన సరకుగా తోచెను. పాతదనిపించుకొన్న ఆ నాదము కాలమును దాటి నిలిచిన తీరు తెలియవలెనన్న అతని జీవితమును మొదటినుండి పరిశీలింపవలెను.

జర్మనీ నడుమ తురింగియా యను అడవుల సీమ కలదు. అందలి ఐసెనాఖ్ పట్టణమున 1685వ సంవత్సరము మార్చి 21వ తేదీన బాఖ్ జన్మించెను. జర్మను భాషలో బాఖ్ అనగా వాగు. ఆ వంశమున తరతరములుగా సంగీతము వాగువలెనే ప్రవహించుచుండెను. తండ్రి ఆంబ్రోసియస్ పట్టణ వాద్యకారుడు. ఆ కాలమున జర్మను పట్టణములు వాద్యబృందములకు జీతమిచ్చి పోషించుచుండెడివి. గోపురముపై నిలిచి బూరలూదుట, పెండ్లిండ్లకును ఉత్సవములకును వాయించుట, చర్చిలో పాటకు తోడగుట వారి విధులు. ఎర్‌ఫర్ట్ నగరమున ఈ వంశీయుల ప్రాబల్యము ఎంతటిదనగా, పట్టణ వాద్యకారులందఱిని జనులు బాఖులనియే పిలుచుచుండిరి.

ఎనమండుగురు బిడ్డలలో సెబాస్టియన్ కడగొట్టువాడు. తొమ్మిదేండ్ల ప్రాయమున తల్లిని, మఱి కొన్ని నెలలకే తండ్రిని పోగొట్టుకొనెను. ఓర్‌డ్రుఫ్ పట్టణమున చర్చి ఆర్గన్ వాయించుచున్న పెద్దన్న అతనిని చేరదీసెను. ఆ అన్నవద్ద ప్రసిద్ధ విద్వాంసుల రచనలున్న పుస్తకమొకటి ఉండెను. దానిని ముట్టరాదని తమ్ముని కట్టడిచేసి, జాలీ తలుపుల బీరువాలో ఉంచి తాళము వేసెను. బాలుడు తన చిన్నచేతిని జాలీ సందున దూర్చి, పుస్తకమును చుట్టగా చుట్టి వెలికిదీసి, దీపము లేక వెన్నెల వెలుగున ఆఱు నెలలపాటు వ్రాసికొనెనట. వ్రాత ముగిసిన పిమ్మట అన్న కనిపెట్టి ఆ ప్రతిని లాగికొనెను. ఈ వృత్తాంతము బాఖ్ మరణానంతరము అతని కుమారుడును శిష్యుడును కూర్చిన సంస్మరణమున కలదు. పెద్దల రచనలను స్వహస్తముతో వ్రాసి నేర్చుకొనుట అతనికి జీవితాంతము వీడని అలవాటయ్యెను.

1703లో, 18 ఏండ్ల వయస్సున, అతడు ఆర్న్‌స్టాట్ పట్టణపు చర్చిలో ఆర్గన్ వాదకుడయ్యెను. రెండేండ్లకు, ఉత్తరమున లూబెక్ నగరమందున్న బుక్స్‌టెహూడె యను వృద్ధ విద్వాంసుని వినగోరి, నాలుగు వారముల సెలవు పుచ్చుకొని బయలుదేరెను. దూరము సుమారు 400 కిలోమీటర్లు. కాలినడకనే పోయెనని చెప్పుదురు. దాదాపు నాలుగు నెలలకుగాని తిరిగి రాలేదు. చర్చి అధికారులు పిలిపించి సంజాయిషీ అడిగిరి. సెలవు మీఱుటయేగాక, భక్తులు పాడు కీర్తనలలో వింత స్వరములు చొప్పించి వారిని తికమకపెట్టుచున్నాడనియు నేరము మోపిరి. అతని నాదము చుట్టుపట్లవారికి పొసగకపోవుట ఇట్లు తొలి కొలువుననే ఆరంభమయ్యెను.

ఆ నాదపు స్వరూపమును కొంత తెలిసికొనుట అవసరము. మన సంగీతమున శ్రుతి ఆధారముగా ఒకే రాగధార సాగును. ఐరోపాలో శతాబ్దములుగా వేఱొక పద్ధతి పెరిగెను. అందు రెండు, మూడు, నాలుగు పాటలు ఏకకాలమున నడచును. ఒక్కొక్కటి తన దారిన తాను పోవుచున్నను, కలిసిన చోట పొందిక చెడదు. ఈ విద్యకు పరాకాష్ఠ ఫ్యూగ్. ఒక చిన్న స్వరపంక్తిని మొదట ఒక గొంతు పలుకును. అది ముగియగానే రెండవ గొంతు అదే పంక్తిని వేఱొక స్థాయిలో ఎత్తుకొనును. మొదటిది ఊరకుండక దానికి జోడుగా మఱొక పాటను అల్లును. పిమ్మట మూడవది, నాలుగవది వచ్చి చేరును. పంక్తిని తలక్రిందు చేయుట, సాగదీయుట, ఒకటి ముగియకముందే మఱొకటి అందుకొనుట ఇందలి చమత్కారములు. వినువానినుండి శ్రద్ధను కోరు విద్య ఇది. బాఖ్ పెరిగి పెద్దవాడగునాటికే దీని ప్రాభవము తగ్గనారంభించెను.

1708 నుండి అతడు వైమార్ ఆస్థానమున పనిచేసెను. 1717లో కోథెన్ ప్రభువు లియోపోల్డ్ పిలువగా, వైమార్ ప్రభువు విడిచిపెట్టుటకు అంగీకరింపలేదు. పట్టుబట్టి అడిగినందులకు బాఖ్‌ను సుమారు నాలుగు వారములు చెఱలో ఉంచి, పిమ్మట పంపివైచెను. కోథెన్‌లో అతనికి మేలైన వాద్యబృందము లభించెను. 1713లో ప్రష్యా సింహాసనమెక్కిన ఫ్రెడరిక్ విలియం రాజు తన ఆస్థాన బృందమును రద్దుచేయగా, ఆ విద్వాంసులలో కొందఱు కోథెన్ చేరియుండిరి. అచ్చట నుండగానే, 1721లో, బాఖ్ ఆఱు కన్చెర్టోలను బ్రాండెన్‌బర్గ్ ప్రభువునకు అంకితమిచ్చెను. ఆఱింటికిని ఆఱు తీరుల వాద్యముల కూర్పు. ఐదవదానిలో, సాధారణముగా తోడువాద్యముగా వెనుకనుండు హార్ప్సికార్డ్ ముందునకు వచ్చి సుదీర్ఘముగా ఒంటరిగా వాయించును. ఆఱవదానిలో వయొలిన్లు అసలే లేవు. వెనుక వరుసను కూర్చుండు వియోలాలు నాయకత్వము వహించును. మూలబడుచున్న పాతకాలపు గాంబాలు వాటికి తోడగును. నేడు దేశదేశముల మ్రోగుచున్న ఈ కృతులు 1850 వఱకు అచ్చునకు నోచుకొనలేదు.

కోథెన్‌లోనే అతనికి ఘోరమైన దెబ్బ తగిలెను. 1720లో ప్రభువు వెంట కార్ల్స్‌బాద్ వెళ్లి తిరిగివచ్చునప్పటికి భార్య మరియా బార్బరా మరణించి, ఖననము కూడ ముగిసియుండెను. మఱుసటి సంవత్సరము అన్నా మాగ్డలేనా యను గాయనిని వివాహమాడెను. ఇద్దఱు భార్యలకును కలిగిన 20 మంది సంతానములో పెరిగి పెద్దవారైనవారు 10 మంది మాత్రమే. పెద్దకుమారునికి పాఠము చెప్పుటకై 1720లో అతడొక చిన్న పుస్తకము ప్రారంభించెను. అందలి పాఠములలో కొన్ని పెరిగి, 1722లో ‘వెల్ టెంపర్డ్ క్లేవియర్’ అను మహాగ్రంథమున చేరెను. చక్కగా శ్రుతిచేసిన వాద్యమని ఆ పేరునకు అర్థము. పండ్రెండు స్వరస్థానములలో ఒక్కొక్కదానికి రెండేసి చొప్పున 24 జతల రచనలు అందు కలవు. నేర్చుకొను పిల్లల ప్రయోజనమునకై దీనిని వ్రాసితినని ముఖపత్రముననే అతడు తెలిపెను.

1723లో లైప్‌జిగ్ నగరసభవారు సెంట్ థామస్ పాఠశాలకు సంగీతోపాధ్యాయుని వెదకుచుండిరి. వారు మొదట కోరినది నాటి మేటి విద్వాంసుడు టెలెమాన్‌ను. అతడు రాకపోగా గ్రౌప్నర్‌ను పిలిచిరి. అతనిని కొలువు వదలనీయలేదు. మూడవవాడుగా బాఖ్ ఎన్నికయ్యెను. మరణపర్యంతము 27 సంవత్సరములు అతడు ఆ బడిలోనే ఉండెను. బాలురకు గానము నేర్పుట, నగరములోని చర్చిలకు గాయకులను పంపుట, వారమువారము క్రొత్త కృతిని కూర్చి, ప్రతులు వ్రాయించి, వల్లెవేయించి, ఆదివారమునాటికి సిద్ధపఱచుట అతని పని. తొలి సంవత్సరములలో ఈ వేగము ఆశ్చర్యకరము. అట్టి కృతులలో నేడు మిగిలినవే సుమారు 200. క్రీస్తు వేదనను వర్ణించు ‘సెంట్ మాత్యూ పాషన్’ 1727లో ఇట్టి శ్రమ నడుమనే వెలసెను.

ఈ మహానాదమును పలికించుటకు అతనికి దొరకిన బృందమెట్టిది? 1730లో నగరసభకు సమర్పించిన విజ్ఞప్తిలో బాఖ్ ఉన్నదున్నట్లు లెక్కచెప్పెను. పాఠశాలలోని 54 మంది పిల్లలలో పాటకు పనికివచ్చువారు 17 మంది, ఇంకను నేర్వవలసినవారు 20 మంది, ఎన్నటికిని పనికిరానివారు 17 మంది. పట్టణ వాద్యకారులు ఎనమండుగురే. వారిలో కొందఱు వయసు మీఱినవారు. సభవారివలన చెప్పుకోదగిన సాయము లభింపలేదు. అయినను అతడు తన రచనల స్థాయిని దింపలేదు.

పాఠశాల వెలుపల అతనికి మఱొక బృందము ఉండెను. 1702లో టెలెమాన్ విద్యార్థిగా ఉన్నప్పుడు నెలకొల్పిన విద్యార్థి వాద్యసమాజమునకు 1729లో బాఖ్ నాయకుడయ్యెను. వారు వారమునకొకసారి జిమ్మర్‌మాన్ కాఫీ దుకాణమున కచేరీ చేయుచుండిరి. చలికాలమున లోపల, వేసవిలో తోటయందు. కాఫీ మోజును పరిహసించు హాస్యకృతి నొకదానిని కూడ బాఖ్ రచించెను. చర్చి పెద్దమనిషికి నవ్వు తెలియదనుకొనుట పొరపాటు.

ఇంతలో లోకాభిరుచి మాఱెను. నాపోలి, డ్రెస్డెన్ ఒపెరాల ప్రభావమున ఒకే మధురమైన పాట, దానిక్రింద పలుచని తోడు, వినగానే బోధపడు సౌలభ్యము నాగరిక లక్షణములయ్యెను. 1737లో హాంబర్గ్ నగరమునుండి షైబె యను యువ విమర్శకుడు తన పత్రికలో బాఖ్‌ను, పేరెత్తకయే, విమర్శించెను. అతని వేళ్ల నైపుణ్యము అద్భుతమే గాని, అతని కృతులు చిక్కులమయములనియు, అతికళవలన సహజసౌందర్యము మఱుగుపడుచున్నదనియు దాని సారాంశము. 29 ఏండ్ల యువకుడు 52 ఏండ్ల పెద్దవానికి నేర్పిన పాఠమిది. బాఖ్ స్వయముగా బదులు వ్రాయలేదు. లైప్‌జిగ్‌లో అలంకారశాస్త్రము బోధించు బిర్న్‌బౌమ్ అతని పక్షమున సమాధానమిచ్చెను.

క్రొత్త పోకడ బాఖ్‌కు తెలియనిది కాదు. యౌవనమున ఇటలీవాడగు వివాల్దీ కృతులను తన వాద్యమునకు అనువుగా మార్చి వ్రాసి నేర్చుకొన్నవాడే. అతని కుమారులు నూతన శైలికి అగ్రగాములు. చేతగాక పాతను పట్టుకొని వ్రేలాడినవాడు కాడు. ఇరువైపుల దారులను చూచి, జనము విడిచిపోవుచున్న దారి ఇంకను తుదకంటలేదని గ్రహించి, ఆ తుద చూడదలచినవాడు. వయస్సు మీఱినకొలది అతని రచన మఱింత ప్రాచీనమై, మఱింత నిశితమయ్యెను. 1747లో కుమారుడు కార్ల్ ఫిలిప్ ఎమాన్యుయేల్ కొలువున్న ఫ్రెడరిక్ రాజు ఆస్థానమునకు పోట్స్‌డామ్ వెళ్లెను. రాజు ఒక క్లిష్టమైన స్వరపంక్తినిచ్చి ఫ్యూగ్ చేయుమని కోరెను. బాఖ్ అప్పటికప్పుడు మూడు గొంతుల ఫ్యూగ్ వాయించెను. ఇంటికి పోయి ఆ పంక్తిపైననే ఆఱు గొంతుల ఫ్యూగ్‌తో సహా ఒక గ్రంథమును రచించి, అచ్చొత్తించి, రాజునకు కానుకగా పంపెను. నూతనశైలికి నెలవైన ఆస్థానమునకు అతడు పంపినది పాతవిద్యకు పరమావధి!

కన్నులు క్షీణించెను. 1749లో, అతడు జీవించియుండగనే, అతని స్థానమునకు వేఱొకరిని పరీక్షించి చూచుకొనిరి. 1750లో ఒక ఆంగ్ల వైద్యుడు రెండుమారులు శస్త్రచికిత్స చేసెను. ఉన్న చూపును పోయెను. ఆ సంవత్సరము జూలై 28వ తేదీన, 65 ఏండ్ల వయస్సున, బాఖ్ కన్నుమూసెను. సమాధిపై పేరైన చెక్కలేదు. ‘ఫ్యూగ్ కళ’లోని చివరి ఫ్యూగ్ సగములో ఆగిపోయెను. పదేండ్లకు అన్నా మాగ్డలేనా ధర్మదానములపై బ్రతుకుచు మరణించెను. వ్రాతప్రతులను కుమారులు పంచుకొనిరి. పెద్దవాని పాలు చాలవఱకు చెదరిపోయెను.

అయినను నాదము నశింపలేదు. సభలు మఱచినదానిని శిష్యులు మఱువలేదు. ‘వెల్ టెంపర్డ్ క్లేవియర్’ అచ్చునకు రాక పూర్వమే అర్ధశతాబ్దిపాటు గురువునుండి శిష్యునికి చేతివ్రాతగా సాగెను. బాన్ నగరమున నేఫె యను గురువు తన 12 ఏండ్ల శిష్యునికి దానినే పాఠముగా చెప్పెను. ఆ శిష్యుడు బెథోవెన్. 1789లో మోజార్ట్ లైప్‌జిగ్ వచ్చినప్పుడు, బాఖ్ బోధించిన బడి పిల్లలే ఆ గురువు కృతి నొకటి పాడి వినిపించిరి. మోజార్ట్ ఆశ్చర్యపడి, వేఱువేఱు గొంతుల కాగితములను తన చుట్టు పఱచుకొని చదివెను. 1829 మార్చి 11వ తేదీన బెర్లిన్ నగరమున ఇరువదేండ్ల మెండెల్‌సన్ ‘సెంట్ మాత్యూ పాషన్’ను తిరిగి వినిపించెను. నాటితో లోకము మేల్కొనెను. 1850లో ఏర్పడిన బాఖ్ సంఘము అతని రచనలనన్నిటిని ప్రకటించుటకు దాదాపు అర్ధశతాబ్ది పట్టెను.

1977లో అంతరిక్షమునకు పంపిన వాయేజర్ నౌకలలో భూలోక సంగీతమునకు ప్రతినిధిగా ఉంచిన పూతరేకున బాఖ్ కృతులు మూడు కలవు. ఆ రేకును బంగారుపూత పూసిన రాగితోనే చేసిరి. ఒకప్పుడు కొనువారు లేక అమ్మకమునకు పెట్టిన రాగిరేకుల కథ ఇక్కడ స్మరణకు రాకమానదు. తన కాలము మెచ్చలేదని బాఖ్ తన పనిని తగ్గించుకొనలేదు. మెప్పుకొఱకు దారి మార్చుకొనలేదు. తనకు దొరకిన 17 మంది పిల్లలతో ప్రతి ఆదివారము పాడించెను, తనవద్దకు వచ్చిన శిష్యునికి చేతనైనంత నేర్పెను. ఆ వ్రాతప్రతులే, ఆ పాఠములే, అతని నాదమును భావితరములకు అందించెను.